అట్ట తప్పా, మగ్గం తప్పా

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. పేరులో పెన్ను ఉంది గానీ నన్ను జేబుకు తగిలించుకుని ఊరేగినవాడు లేడు, నాతో సంతకం పెట్టినవాడు అంతకన్నా లేడు. చిటికెన వేలంత ఉంటాను. ఒళ్లు ఎరుపు, మూతి వెండి రంగు. పుట్టినప్పుడు మూతికి ఒక మూత కూడా ఉండేది. అది నాతో మూడు వారాలకన్నా ఎక్కువ కాపురం చెయ్యలేదు. మా జాతిలో మూతలు అందరికీ ఇలాగే పోతాయి. ఎక్కడికి పోతాయో ఇంతవరకూ ఏ మనిషీ కనిపెట్టలేదు, కనిపెట్టాలని అనుకున్నవాడూ లేడు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. సముద్రం అవతల ఒక పెద్ద షెడ్డులో, ముఖానికి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు గంటకు కొన్ని వందల చొప్పున మమ్మల్ని బిగించారు. ఒకామె నన్ను ఒక యంత్రంలో గుచ్చి, లోపల ఏదో రాసి, రాసింది మళ్లీ చదివించి, సరిగా ఉందని పక్కన పడేసింది. నేను రాసిన మొదటి పరీక్ష అదే. రాసింది రాసినట్టు తిరిగి అప్పజెప్పడం. అదొక్కటే నాకు వచ్చు. కలపడం, తీసెయ్యడం, మెరుగులు దిద్దడం నాకు చేతకావు. మనుషులకు అవే బాగా చేతనవును, అందుకే కాబోలు మమ్మల్ని తయారు చేసుకున్నారు.

నన్ను మొదట కొన్నది కాజాపీర్. ధర్మవరంలో పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. మాట తీపి, మతిమరుపు జాస్తి. తన దగ్గర ఒకేలా ఉండే పెన్‌డ్రైవులు ఆరు ఉండటంతో, నన్ను గుర్తుపట్టడానికి వాళ్లక్క గోళ్ల రంగుతో నా వీపు మీద తెల్లటి చుక్క ఒకటి పెట్టాడు. నెల తిరక్కముందే నాలో పదకొండు పెళ్లిళ్లు చేరాయి. అన్నిటిలోనూ నేను గమనించింది ఒకటే. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని చూడడు, కెమెరాను చూస్తాడు. పెళ్లికూతురు నేలచూపులు చూస్తున్నట్టే ఉంటుంది గానీ, మధ్యమధ్య కెమెరా ఎక్కడుందో ఆమె కూడా చూసుకుంటుంది.

ఒకసారి జిల్లా కేంద్రంలోని ఒక సర్కారు ఆఫీసులో ఎవరో పెద్దాయన రిటైరైతే, ఆ వీడ్కోలు సభను కాజాపీరే తీశాడు. ఇంట్లో కంప్యూటర్ మొరాయించడంతో బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కత్తిరింపులు చేసి, వీడియోను నాలోకి ఎక్కించాడు. దాంతో పాటు ఇంకేదో కూడా ఎక్కింది. చిన్నది, కనిపించకుండా దాక్కునే రకం. నేను అడ్డు చెప్పలేదు. ఎవరు ఎక్కినా ఎందుకెక్కావని అడిగే అలవాటు మాకు లేదు. ఆఫీసులో నన్ను కంప్యూటర్‌కు తగిలించారు. అందరూ చుట్టూ చేరి దండలు, శాలువాలు, కన్నీళ్లు చూసి నవ్వుకున్నారు, మైసూరుపాకు తిన్నారు. నాతో వచ్చిన దొంగ ప్రయాణికుడు అక్కడ దిగాడో లేదో నేను పట్టించుకోలేదు. వారం తర్వాత కాజాపీర్ సొంత కంప్యూటర్ కూడా పిచ్చి వేషాలు వెయ్యడంతో, అతను ఎవరి చేతనో నన్ను శుభ్రం చేయించాడు. దొంగకు తల తెగింది, తోక మాత్రం నాలో ఒక మూల పడి ఉండిపోయింది. తల లేని తోక ఎవరినీ ఏమీ చెయ్యలేదు గనక నేనూ దాన్ని మరిచిపోయాను.

కాజాపీర్ ఇంటికి గోడ పక్క ఇల్లు గంగరత్నది. నలభై ఆరేళ్ల మనిషి, ఇంట్లో రెండు పట్టుచీరల మగ్గాలు, మూలన ఒక పాత కంప్యూటర్. నేతతో పాటు అంచులకు, కొంగులకు డిజైన్లు గీయడం ఆమె పని. కంప్యూటర్ నుంచి మగ్గానికి డిజైన్ మొయ్యడానికి ఏదైనా కావాలంటే కాజాపీర్ నన్ను గోడ మీంచి అందించాడు.

"కొత్తది కాదక్కా, అయినా పనికొస్తాది. నాకేం వాపసు ఇయ్యొద్దులే."

అలా నేను పెళ్లిళ్ల నుంచి పెళ్లి చీరలకు మారాను.

మగ్గానికి నాతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. మగ్గం పైన జాకార్డు అని ఒకటి ఉంటుంది. ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో చెప్పేది అదే. పూర్వం దానికి ఆ సంగతి అట్టలు చెప్పేవి. అట్టకు చిల్లు ఉన్న చోట పోగు లేస్తుంది, లేని చోట లేవదు. ఇప్పుడు అట్టల బదులు ఒక పెట్టె వచ్చింది, అందులో నన్ను గుచ్చితే చాలు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది. నాలో జరిగేది కూడా అదే కదా. ఉంది, లేదు, ఉంది, లేదు. పదకొండు పెళ్లిళ్లనూ నేను దాచుకున్నది ఆ రెండు మాటలతోనే. అంటే ఆ చిల్లుల అట్ట నాకు ముత్తాత అన్నమాట.

ఆ ముత్తాతలను తయారు చేసినవాడు గంగరత్న తండ్రి రామలింగప్ప. నలభై ఏళ్లు ఊరందరికీ అట్టలు కొట్టాడు. నేను ఆ ఇంటికి చేరేటప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. వయసులో ఉన్నప్పుడు ఆయన జొన్నకంకి అంచు అని ఒకటి పుట్టించాడట. తొమ్మిది వందల అరవై అట్టలు. కంకిలో ఒక్కో గింజ ఒక్కో తీరుగా వంగి ఉంటుందట, రెండు గింజలు ఒకేలా ఉండవట. ఆ అట్టలను చెదలు తినేశాయి. మిగిలింది ఒకే ఒక్క అట్ట, అదీ సగం. అయితే ఆ అంచుతో నేసిన చీర ఒకటి బంధువుల పెట్టెలో బయటపడింది, మడతల దగ్గర చిరిగిపోతూ.

ఎనిమిది నెలలు ఆ తండ్రీ కూతుళ్లు ఏం చేశారో నేను దగ్గరుండి చూశాను. రామలింగప్ప చీర అంచును వేళ్ల మధ్య పట్టుకుని, గోటితో ఒక్కో పోగూ తడుముతూ చదివేవాడు. "మూడు లేచినాయి, ఒకటి పండుకునింది, రెండు లేచినాయి." గంగరత్న తెర మీద ఒక్కో గడీ నింపేది. పోగు దొరక్కపోతే ఆయన అల్లిక విప్పి చూసేవాడు. విప్పిన చోట చీర మిగిలేది కాదు. అంచు మొత్తం చదివేసరికి చీర గుప్పెడు పట్టుపోగులైంది. చివరి వరుస చెప్పిన రోజు ఆయన "ఇంక నాకేం తెల్దు పాపా, అంతా నీ దగ్గరే ఉండాది" అన్నాడు. రెండు నెలలకు పోయాడు.

ఆయన అన్నది నిజం కాదు. అంతా ఉన్నది ఆమె దగ్గర కాదు, నా దగ్గర. కరెంటు హెచ్చుతగ్గులకు ఆమె కంప్యూటర్ కాలిపోయింది. ఇంకో కాపీ ఆమె ఎక్కడా పెట్టలేదు. ధర్మవరంలో కొత్త అంచు బయటికి పొక్కితే వారం తిరక్కముందే నాలుగు వీధుల్లో నేసేస్తారు. అందుకే కాజాపీర్‌కు కూడా ఇవ్వలేదు, ఫోనులోకి కూడా ఎక్కించలేదు. దొంగలకు భయపడి ఉన్న ఒక్కదాన్నీ మూత లేని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగే తెలివి నేతగాళ్లకే ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజుల్లో భయంగానే ఉండేది. చీర లేదు, దాన్ని చదివిన వేళ్లు లేవు, కంప్యూటర్ లేదు. నేను కింద పడినా, నీళ్లలో పడినా ఆ కంకి ఇక లేదు.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. మగ్గానికి, పోగు మోసే నాడెకు, కత్తెరకు, చెదలు సగం తిన్న ఆ అట్టకు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది గంగరత్న. నాకూ పెట్టింది. ఏ పనిముట్టుకైనా పని చేసే చోటే బొట్టు పెట్టాలని ఆమె లెక్క, కాబట్టి తిన్నగా నా మూతిలో పెట్టింది. నూనె తడితో సహా. పండగ మర్నాడు మగ్గం పెట్టెలో గుచ్చితే వేరే డిజైన్లతో నేను ఎప్పటిలాగే పనిచేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

పండగైన మూడో వారంలో ఒక నోటీసు సంగతి తెలిసింది. పాత డిజైన్లను, పుట్టించినవాళ్ల పేర్లతో సహా, సర్కారు ఒక పుస్తకంలోకి ఎక్కిస్తోంది. వేరే ఊరి చీరల వ్యాపారి ఒకాయన జొన్నకంకి చీర పాత ఫోటో సంపాదించి, ఈ అంచు మా తాతదేనని అప్పటికే అర్జీ పెట్టేశాడు. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే మొత్తం అట్టల లెక్క తెచ్చి అధికారి ఎదుటే తెరిచి చూపాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. గంగరత్న అదే శుక్రవారం మధ్యాహ్నం రెండుకు నన్ను రుమాలులో కట్టుకుని జిల్లా కేంద్రంలో బస్సు దిగింది.

ఆఫీసు గుమ్మం దాటగానే నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. కానీ సర్కారు ఆఫీసులన్నీ చూసినట్టే ఉంటాయి గనక అప్పటికి ఊరుకున్నాను.

కంప్యూటర్ దగ్గర షమీమ్ అనే ఉద్యోగిని ఉంది. నెమ్మదస్తురాలు. నన్ను తీసుకుని చిల్లులో గుచ్చింది. తెర మీద నా బొమ్మ వచ్చింది, పేరు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఆమె నా పేరు మీద రెండుసార్లు నొక్కింది. వెంటనే ఒక ఎర్ర గుర్తు, దాని పక్కన ఒక వాక్యం. యాక్సెస్ ఈజ్ డినైడ్.

నా జీవితంలో ఎవరూ నాతో అలా అనలేదు. కొన్ని కంప్యూటర్లకు నేను అర్థం కాలేదు, కొన్ని నన్ను గుర్తించడానికి ఆలస్యం చేశాయి. ఇది అలా కాదు. నేనెవరో దానికి తెలిసింది, గుమ్మం దాకా రానిచ్చింది, అప్పుడు తలుపు మూసింది. పైగా నా పక్క చిల్లులోనే మౌసు తన తోక గుచ్చుకుని హాయిగా ఆడుకుంటోంది. దానికి లేని అడ్డం నాకెందుకో ఎంత ఆలోచించినా తోచలేదు. కోపం కన్నా నాకు ఆరాటం ఎక్కువైంది. లోపల ఎవరున్నారు? ఎవరు చెప్పారు మూయమని?

షమీమ్ నన్ను బయటికి తీసి మూతిలోకి చూసింది.

"అక్కా, ఏమి ఇది ఎర్రగా?"

"కుంకం పాపా. ఆయుధపూజకు పెట్టింటి."

"పెన్‌డ్రైవ్‌కా!" అని షమీమ్ నవ్వబోయి ఆగింది. గంగరత్న ముఖంలో రక్తం లేదు. తండ్రి కంకిని తన చేత్తో తానే పాడు చేశాననే అనుకుంది. నేను బాగానే ఉన్నానని అరవాలనిపించింది. రాసింది అప్పజెప్పడమే తప్ప అరవడం నాకు రాదు.

ఇక మొదలైంది నా సేవ. పెన్సిలు రబ్బరుతో రుద్దారు. చీర చెంగుతో తుడిచారు. నోటితో ఊదారు, దాంతో మూతి ఇంకా తడిసింది. గుచ్చితే మళ్లీ అదే వాక్యం. ఇదంతా చూసి లోపలి గదిలోంచి సూపరింటెండెంట్ ఆదిశేషయ్య బయటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, అది ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే రకం.

"అది చెడిపోయిందమ్మా. ఎదురుగా సెల్లు షాపు ఉండాది చూడు, ఆడ ఫార్మాట్ కొట్టించుకోని రా. కొత్తదాని మాదిరి పని చేస్తాది."

ఆయన మంచికే చెప్పాడు. ఫార్మాట్ అంటే నన్ను లోపల పూర్తిగా తుడిచెయ్యడమని ఆయనకూ సరిగా తెలియదు, గంగరత్నకు అసలే తెలియదు. కుంకుమ కడిగేదేదో అనుకుంది. నన్ను రుమాలులో చుట్టుకుని పరుగులాంటి నడకతో రోడ్డు దాటింది. నా చివరి ప్రయాణం ఇదేనని నాకు అర్థమైంది.

షాపతనికి చేతిలో నాలుగు ఫోన్లు. "ఫార్మాటా? రెండు నిమిషాలు" అని నన్ను కంప్యూటర్‌కు తగిలించి, అలవాటుగా ఆ మాటున్న చోటికే వెళ్లాడు. తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని ఒక హెచ్చరిక. దాన్ని అతను చదవలేదు. మనుషులు హెచ్చరికలు రాస్తారు గానీ చదవరు.

"ఉండప్పా" అంది గంగరత్న.

ఆమె ఆ హెచ్చరిక చదివి ఆగిందనుకోకండి, ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆమెను ఆపింది తండ్రి నేర్పిన పని. మగ్గం మీద అల్లిక చెడిందంటే ఏ నేతగాడూ అట్టను వెంటనే చించడు. అట్ట తప్పా, మగ్గం తప్పా అని ముందు అడుగుతాడు. అది తేల్చడానికి అదే అట్టను ఇంకో మగ్గానికి ఎక్కించి చూస్తాడు. అక్కడా చెడితే తప్పు అట్టది, అక్కడ బాగా వస్తే తప్పు మగ్గానిది. ఇంతసేపూ కుంకుమ కంగారులో ఆమె ఆ మాట మరిచిపోయింది. నన్ను ఇంకో చిల్లులో గుచ్చి ఉండటం చూశాక గుర్తొచ్చింది.

"ముందు నువ్వు అది తెరుచు నాయనా. తెరుచుకుంటాదో లేదో చూసి, ఆ తర్వాత కడుగుదువు."

"పాడైందన్నారు కదక్కా?"

"అన్నారు. నువ్వు చూడలేదు కదా?"

అతను ఆ కిటికీ మూసేసి నా పేరు మీద నొక్కాడు. నేను తెరుచుకున్నాను. అలా తెరుచుకోవడం ఇంత సంతోషంగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. డిజైన్లన్నీ వరుసగా, కింద జొన్నకంకి. గంగరత్న కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వింది.

"మా అట్ట బాగుండాది. తప్పు వాళ్ల మగ్గంలో ఉండాది."

"ఈడ నుంచే మెయిల్ చేసేద్దామక్కా?" అన్నాడు అతను. ఆమె నన్ను చటుక్కున లాగేసుకుంది. చీరల బజారు మధ్య, ముక్కూ మొహం తెలియని కంప్యూటర్‌లో తండ్రి అంచును వదిలి వచ్చేంత అమాయకురాలు కాదు. అధికారి ఎదుటే తెరవాలని నోటీసులో ఉంది కూడా.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి మూడున్నర. గంగరత్న తండ్రి పోగులు లెక్కబెట్టిన దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పింది. మగ్గం తప్పు అంటే ఆదిశేషయ్యకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపం వచ్చింది. షమీమ్ మాత్రం ఆ మాటను పట్టుకుంది. తన సంచిలోంచి సొంత పెన్‌డ్రైవ్ తీసింది. నీలం రంగుది, మూతతో సహా ఉన్నది, కుంకుమ ఎరగనిది. దాన్ని గుచ్చింది. యాక్సెస్ ఈజ్ డినైడ్. పాపం, ఆ నీలిదాని ముఖం చూస్తే నాకు జాలేసింది.

"సార్, అక్క చెప్పింది నిజమే. ఇది ఎవర్నీ రానిస్తా లేదు."

హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే జోసెఫ్‌కు ఫోన్ చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది.

"పాడు కాలేదు మేడమ్, అది మేము పెట్టిన సెట్టింగ్" అన్నాడు జోసెఫ్. "బయటి నుంచి తగిలించే డిస్కులు వేటినీ చదవనివ్వదు, వాటిలో ఏమీ రాయనివ్వదు, వాటిలోంచి ఏ ప్రోగ్రామూ నడవనివ్వదు. అన్ని ఆఫీసులకూ ఇక్కడి నుంచే కట్టేశాం. పెన్‌డ్రైవ్‌ది తప్పేం లేదు."

"మౌసుకు లేదే ఆ అడ్డం?" అంది షమీమ్. నా మనసులోని ప్రశ్న అడిగినందుకు ఆమెను ఎప్పటికీ మరిచిపోను.

"మౌసు ఏమీ మోసుకు రాదు కదా మేడమ్. మోసుకొచ్చే వాటికే."

గంగరత్న ఫోను దగ్గరికి జరిగింది. "మూడు కట్టినామంటివి కదా నాయనా. చదివేది, రాసేది, నడిపేది. మూడూ ఒకే ముడా, వేరే వేరేనా?"

"వేరువేరేనమ్మా."

"అట్లయితే చదివేది ఒక్కటే ఇప్పు. ఎడమ అంచు జాకార్డు కట్టేసి కుడిది ఆడిస్తాం మేము. అట్ల కాదా?"

సెట్టింగు అనే మాటే ఎరగని మనిషి తన సెట్టింగును ఇంత తేలిగ్గా విప్పి చూపిస్తుందని జోసెఫ్ అనుకుని ఉండడు. "అవుతుందమ్మా" అన్నాడు. "ఈ ఒక్క కంప్యూటర్‌కు, అరగంట, చదవడం మాత్రమే. కానీ సూపరింటెండెంట్ గారు తన బాధ్యతని రాసి సంతకం పెట్టి పంపాలి. ముందు స్కాన్ చెయ్యాలి."

సంతకం అనే మాట వినగానే ఆదిశేషయ్య కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దిగింది.

"నేను పెట్టను. మూడేండ్ల కింద ఈడే, ఈ కంప్యూటర్‌కే ఒక పెన్‌డ్రైవ్ పెట్టినాము. మా పాత సారు వీడ్కోలు వీడియో. మర్నాడు చూస్తే ఫైళ్లన్నీ ఉత్త బాణం గుర్తులైనాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. పది దినాలు పని పోయింది. మెమో నాకు వచ్చింది. ఆ తర్వాతనే ఈ తాళం వేసినారు."

అప్పుడు నాకు ఆ గోడలు, ఆ బల్ల, మైసూరుపాకు అన్నీ గుర్తొచ్చాయి. ఎక్కడ చూశానా అనుకున్నది ఇదే. లోపల ఎవరున్నారు, ఎవరు మూయమన్నారు అని గంటన్నరగా తల బద్దలుకొట్టుకుంటున్నాను. మూయించింది నేనే. నా వల్ల తగిలిన దెబ్బకే ఆ తలుపు, నేను తెలియక మోసుకొచ్చిన దొంగకే ఆ తాళం. సిగ్గేసింది. అంతకన్నా భయమేసింది, ఎందుకంటే ఆదిశేషయ్య నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. తెల్లచుక్క దగ్గర ఆయన బొటనవేలు ఆగింది.

చాలాసేపు ఆగింది.

"మీ నాయన పోగులు చేత్తో లెక్కబెట్టినాడంటివే" అన్నాడు ఆయన, నన్ను చూస్తూనే. "ఎన్ని అట్టలు?"

"తొమ్మిదినూర్ల అరవై సార్. చూపు లేదు. గోటితోనే చదివినాడు. ఈ పొద్దు పోతే ఆ యప్ప పేరు ఇంగ యాడా ఉండదు సార్."

ఆదిశేషయ్య కాగితం తెప్పించుకుని రాశాడు, సంతకం పెట్టాడు. షమీమ్ దాన్ని ఫోటో తీసి పంపింది. జోసెఫ్ అక్కడి నుంచి ఏదో చేశాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యమన్నాడు. అది నిద్ర లేచి, బద్ధకంగా చుక్కలు తిప్పుకుంటూ కూర్చుంది. నాలుగూ పదిహేను. నాలుగూ ఇరవై. గంగరత్న గోడ గడియారాన్ని చూడటం మానేసి దేవుడి క్యాలెండరును చూడటం మొదలుపెట్టింది.

నాలుగూ ఇరవై ఏడుకు నన్ను గుచ్చారు. ఈసారి తలుపు తెరుచుకుంది, కానీ ముందు కాపలావాడు వచ్చాడు. స్కాన్. నా మూలమూలా వెతికాడు. ఏ మూల ఏముందో నాకు తెలుసు. ఒక చోట ఆగి పసుపు గుర్తు చూపించాడు. మూడేళ్ల కిందటి తోక.

షమీమ్ ఆ పేరు చదివి, గుర్తుపట్టి, సూపరింటెండెంటు వైపు చూసింది.

"ఉత్త తోక కదా?" అన్నాడు ఆదిశేషయ్య. "కంప్యూటర్‌లోకి రానీయొద్దు. పక్కకు పెట్టి, పని కానీ."

జొన్నకంకి తెర మీద తెరుచుకుంది. కింది నుంచి పైకి, గింజ తర్వాత గింజ, ఒక్కోటీ ఒక్కో తీరుగా వంగి, కొసన చిన్న ఆకుతో. షమీమ్ కుర్చీలో ముందుకు జరిగింది. ఆదిశేషయ్య ఒక గింజ దగ్గర వేలు పెట్టి, పక్క గింజ దగ్గర వేలు పెట్టి, రెండూ ఒకటి కాదని చూసుకుని, మూడోది కూడా చూశాడు. పని మరిచిపోయాడు. గంగరత్నే గడియారం గుర్తు చేసింది. లెక్క కంప్యూటర్‌లోకి దించారు, తొమ్మిది వందల అరవై వరుసలు సరిపోయాయి. ఫోటో తప్ప ఏమీ లేని వ్యాపారి అర్జీ పక్కకు జరిగింది. పుట్టించినవారి పేరు దగ్గర రామలింగప్ప అని కొట్టేసరికి నాలుగూ యాభై మూడు.

గంగరత్న ఆ అక్షరాలను గోటితో తడిమింది, తెర మీదే.

"రసీదు దీంట్లోనే ఎక్కియ్యి పాపా" అని నన్ను చూపించింది.

"కుదరదక్కా. చదవడానికే ఇప్పినారు, రాయడానికి కాదు" అని షమీమ్ కాగితం మీద ముద్రించి ఇచ్చింది. అలా నేను తెచ్చింది ఇచ్చి, కొత్తగా ఏమీ తీసుకోకుండా ఆ గుమ్మం దాటాను. కిందటిసారి తెచ్చినదానికి ఇది కొంత చెల్లు అనుకున్నాను.

కంకి ఇప్పుడు మూడు చోట్ల ఉంది. ఒకటి ఆఫీసులో, ఒకటి గంగరత్న కొత్త కంప్యూటర్‌లో, ఒకటి కాజాపీర్ దగ్గర. అతన్ని నమ్మడానికి ఆమెకు ఇన్నాళ్లు పట్టింది. అంచు మగ్గం ఎక్కింది. నాకు పని తగ్గింది. మగ్గం పక్క గోడ మేకుకు, సగం తిన్న ఆ అట్ట పక్కన నన్ను వేలాడదీశారు. ముత్తాతతో కాపురం బాగానే ఉంది. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోం.

మళ్లీ దసరా వచ్చింది. అంచు చూడాలని ఆదిశేషయ్య ధర్మవరం వచ్చాడు. మగ్గం ముందు చాలాసేపు కూర్చుని, లేచేటప్పుడు మేకు మీద నన్ను చూశాడు.

"దీన్ని నేను ఆ పొద్దే గుర్తుపట్టినా అమ్మా. ఆ తెల్లచుక్క మెమో అందుకున్ననాటి నుంచి నా కండ్లలోనే ఉండాది."

గంగరత్న చేతిలో కుంకుమ పళ్లెం ఆగింది. స్కాన్‌లో దొరికిందేమిటో, ఏ దొంగ తోకో, షమీమ్ ఆమెకు అప్పట్లోనే చెప్పి ఉంది. "గుర్తుపట్టి కూడా సంతకం పెట్టినారా సార్?"

"గుర్తుపట్టినా కాబట్టే పెట్టినా. ఎవరో తెలియనిదైతే భయపడి పంపించేసిందును. ఇది ఏం చేస్తాదో నాకు తెలుసు, ఏడ వెతకాలో తెలుసు. తెలిసినదానికి తలుపు తీయొచ్చు."

ఆయన వెళ్లాక గంగరత్న పూజ మొదలుపెట్టింది. మగ్గానికి, నాడెకు, కత్తెరకు, అట్టకు బొట్టు పెట్టి నా దగ్గరికి వచ్చింది. కుంకుమ అద్దిన వేలు అలవాటుగా నా మూతి దాకా వచ్చి ఆగింది. ఆమె నన్ను తిప్పి పట్టుకుని, వీపు మీద, ఆ తెల్లచుక్క మీదే బొట్టు పెట్టింది.